కిరాయి లేని లెక్క

పెళ్ళై భిలాయి వచ్చిన నాటి నుంచీ సెక్టర్ 7 క్వార్టరులోనే నా కాపురం. ఇల్లు మా ఆయన పనిచేసే స్టీలు ప్లాంటుది, ఆసుపత్రి ప్లాంటుది, పిల్లల బడీ ప్లాంటుదే. జీతమంటే తినేది, కొంత దాచేది. నెత్తిమీద కప్పుకి కూడా అందులోంచే కట్టేవాళ్ళుంటారన్న సంగతి నాకెప్పుడూ పట్టలేదు.

తొంభైల మధ్యలో మా ఆయనకు సింగపూర్‌లో వెల్డరు పని వచ్చింది. నెలకు పన్నెండు వందల డాలర్లు. పర్మనెంటు ఉద్యోగం వదులుకోవాలి, వద్దులే అన్నాడాయన. కాగితం తెచ్చి గుణించింది నేను. సింగపూర్ డాలరుకి పాతిక చొప్పున ముప్పై వేలు! ఆయన జీతానికి అయిదింతలు. ఇంత జీతం కాదనే మగాడు ఎక్కడైనా ఉంటాడా అని మూడు రోజులు అన్నం వడ్డిస్తూ సాధించాను. నాలుగో రోజు ఊఁ అన్నాడు.

ఆ ఆదివారం ఖుర్సీపార్ బస్తీ నుంచి పిన్ని వచ్చింది. వరసకే పిన్ని. భర్త రైల్వేలో రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి, అద్దె గదిలో ఉంటోంది. సంగతంతా విని ఒక్కటే అడిగింది.

"ఏటమ్మా, అక్కడ ఇల్లు ఆళ్ళే ఇస్తారా? కిరాయి ఎంతో అడిగినారా?"

నాకు ఒళ్ళు మండింది. మా బాగు చూడలేక ఏడుస్తోందనుకున్నాను. అంత జీతమిచ్చేవాళ్ళు ఒక గది ఇవ్వరా అని విసురుగా అనేసి, స్టవ్ మీద మరుగుతున్న టీ దింపి పక్కన పెట్టేశాను. ఆవిడ టీ తాగకుండానే వెళ్ళిపోయింది.

ఆయన రాజీనామా ఇచ్చి విమానమెక్కాడు. మొదటి ఉత్తరంలోనే అంతా ఉంది. ఒక గదిలో పదిమంది, ఒకదాని మీద ఒకటి మంచాలు, ఆ మంచానికీ కిరాయి. తిండీ బస్సూ ఏజెంటు కోతలూ చూసుకోగా మిగిలింది పంపాడు. అది పాత జీతమంత కూడా లేదు. ఈసారి నేను కాగితం తియ్యలేదు.

ఉద్యోగం లేనివాడికి క్వార్టరెవరిస్తారు? ఖాళీ చెయ్యమన్నారు. చివరికి దొరికింది ఖుర్సీపార్‌లో, పిన్ని ఉండే వరసలోనే ఒక గది. సామాను ఇంకా దింపుతుండగానే ఆవిడ గ్లాసులో టీ తెచ్చి నా చేతికిచ్చింది.

"కిరాయి ఒకటో తారీకునే ఇచ్చేయమ్మా. ఇంటాయన రెండో తారీకుకే తలుపు కొడతాడు."

అంతే. పాత మాట ఎత్తలేదు. ఆ టీ తాగుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

రెండేళ్ళ కాంట్రాక్టు అయిపోయి ఆయన తిరిగొచ్చాడు. అదే ప్లాంటు, అదే గేటు. లోపల మాత్రం కాంట్రాక్టరు దగ్గర రోజుకూలీ. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు పర్మనెంటు పాసులు చూపించి ముందు పోతుంటే, ఈయన పక్క లైనులో నిలబడేవాడు.

నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. నీవల్లే అని ఒక్కసారి నోరు చేసుకున్నా బాగుండేది. ఒకటో తారీకు పొద్దున్నే కిరాయి డబ్బు నా చేతిలో పెట్టి, టిఫిన్ డబ్బా సైకిలుకి తగిలించుకుని డ్యూటీకి పోయేవాడు.