పీరాసాబ్ తీసిన తరుగు

గోరంట్ల వేరుశనగ మండీలో ఇరవైయేడు సంవత్సరాలు తూకం వేసిన పీరాసాబ్ తన వృత్తిలో ఒక నియమం పాటించేవారు. ఒకసారి నోటితో చెప్పిన తూకాన్ని ఆయన మార్చి చెప్పేవారు కారు. రైతు బతిమాలినా, వర్తకుడు కసిరినా, తక్కెడ ముల్లు నిలిచిన మీదట ఆయన పలికిన అంకె పలికినట్లే చీటీకి ఎక్కేది. ఆ నియమాన్ని ఆయన ఒకే ఒక్క పర్యాయం, ముప్పై ఎనిమిది మంది పిల్లల కొరకు విడిచిపెట్టారు. అది 1960వ సంవత్సరం డిసెంబరు నెల మాట. ఆ రోజులలో నేను గోరంట్ల క్రైస్తవ బాలాశ్రమంలో ఉత్తరాలకు శుద్ధప్రతులు వ్రాసే పనిలో ఉన్నందున, జరిగినది జరిగినట్లు తెలుపగలను.

ఆశ్రమం ఊరికి తూర్పున, కదిరి రోడ్డు పక్కన ఉండేది. మట్టి మిద్దెలు రెండు, రేకుల వంటశాల ఒకటి. వానలు లేక పాడుపడిన పల్లెల నుండి వచ్చిన తల్లిదండ్రులు లేని పిల్లలు అందులో ఉండేవారు. కెనడా దేశంలోని ఒక కమిటీ వారు ఖర్చు భరించేవారు. ఇక్కడి వ్యవహారం పాస్టరు యేసన్న గారు చూసేవారు. వంట నారాయణమ్మది.

ఆ సంవత్సరం జనవరిలో కమిటీ వారి దేశం నుండే మిస్ రూత్ అనే ఇరవైనాలుగేండ్ల యువతి, జీతం ఏమియు లేకుండా ఒక ఏడాది సేవ చేయుటకు వచ్చింది. ఆమె తెలుగు నేర్చుకొన్నది వంటశాలలో, నారాయణమ్మ వద్ద. అందుచేత పుస్తకాల తెలుగు ఆమెకు రాలేదు. రెండవ నెలలోనే పాస్టరు గారిని, "ఏమప్పా, ఈ దినం నాకు ఏం పని ఇస్తావు?" అని అడిగింది. యేసన్న గారు కండువా సర్దుకొని, ఆ సంబోధన గురించి ఏమియు అనకుండా పని చెప్పారు. పిల్లలు మాత్రం ఆమెను మొదటి వారం నుండే రూతమ్మ అన్నారు.

పిల్లల బరువులు ఏడాదికి మూడు పర్యాయాలు పట్టిక వేసి కమిటీకి పంపవలెనని రూతమ్మకు ఉత్తర్వు. జనవరిలో ఆసుపత్రి నుండి యంత్రం అరువు తెచ్చి తూచారు. మార్చిలో ఆ యంత్రం స్ప్రింగు తెగిపోయింది. ఏమి చేయవలెనని యోచించి, యేసన్న గారు పీరాసాబ్‌ను అడిగారు. ఆయన వెంటనే ఒప్పుకొన్నారు. కూలి ఎంత అని అడిగినందుకు ఆయన నొచ్చుకొని, "పిల్లోళ్ళ దగ్గర కూలి తీసుకుంటే మా జైతూన్ బీ నాకు కూడు పెడతాదా అయ్యా?" అన్నారు. జైతూన్ బీ ఆయన భార్య. వారికి సంతానం లేదు.

జులై నెలలో ఒక ఆదివారం ఆయన మూడు వాసాలు, తక్కెడ, ఇనుప రాళ్లు బండి మీద తెచ్చి ఆశ్రమం ముందర వాసాలు నిలిపి తక్కెడ వేలాడదీశారు. తక్కెడకు ఒక వైపు చెక్క పలక కట్టి, దాని మీద పిల్లను కూర్చోబెట్టి, గొలుసులు గట్టిగా పట్టుకోమనేవారు. మండీలో మొదటి తూకాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. అలవాటు చొప్పున ఆయన వరుసలో మొదటి పిల్లను కూడ "లాభం" అని గట్టిగా పాడేసరికి, ఆ పేరు తమకే కావలెనని పిల్లలు వరుస చెడగొట్టి తోసుకొన్నారు. నవంబరులో కూడ ఇదే రీతిగా జరిగింది. ఆయన అంకె చెప్పుట, రూతమ్మ వ్రాయుట, తరువాత నేను ఆ పట్టికకు శుద్ధప్రతి తీయుట. అంకెలు తగ్గుచున్నవని నేను గమనించకపోలేదు. కాని అందిన కాగితాన్ని ఉన్నదున్నట్లు వ్రాయుటే నా విధి గనుక ఊరకున్నాను. రూతమ్మ దిగులుపడి, పిల్లలకు సాయంత్రం ఇచ్చే ఉడికించిన శెనక్కాయలు పిడికెడు నుండి రెండు పిడికెళ్లు చేసింది.

డిసెంబరు రెండవ వారంలో కమిటీ వారి ఉత్తరం వచ్చింది. దాని సారాంశం నేను ఆనాడు తెలుగులో వ్రాసుకొన్న ప్రకారం ఇది:

"తాము పంపిన పట్టిక పరిశీలించడమైనది. జనవరిలో నలభై ఒక్క పౌన్లు ఉన్న ఓబమ్మ జులైలోనూ నలభై ఒకటి, నవంబరులో నలభై ఉన్నట్లు కనబడుచున్నది. తక్కిన పిల్లల సంగతియు ఇట్లే ఉన్నది. ఎదిగే పిల్లలు తగ్గుట ఆహారలోపమునకు నిదర్శనము. కావున మార్చి నెలాఖరుకు ఆశ్రమము మూసి, బాలికలను మద్రాసు వైపునకు, బాలురను బళ్లారి వైపునకు పంపవలెను. మిస్ రూత్ స్వదేశమునకు తిరిగి రావలెను."

ఓబమ్మకు ఏడేండ్లు. ఆమె తమ్ముడు ఈరన్నకు అయిదు. వారికి ఈ లోకంలో ఒకరికొకరు తప్ప ఎవరూ లేరు. యేసన్న గారు ఉత్తరం చదివి మడిచి, మళ్లీ విప్పి చదివారు. నారాయణమ్మ గరిటె పట్టుకొనే బయటికి వచ్చింది.

"నేను పెట్టే సంగటి తిని తగ్గినారా? ఆ దొరల్ని వొచ్చి ఈ పిల్లోళ్ళ బొజ్జలు తట్టి సూడమనండి" అంది.

జవాబు వ్రాయుటకు ముందు మరొక పర్యాయం తూచవలెనని రూతమ్మ పట్టుబట్టింది. ఆ తరువాతి ఆదివారం పీరాసాబ్ వచ్చారు గాని, ముఖం ముడుచుకొని వచ్చారు.

"నా తక్కెడ మీద అనుమానం వొచ్చిందా రూతమ్మా?"

"నీ మీద అనుమానం లేదన్నా. ముందు నన్ను తూచు. నేను ఈడికి వచ్చినప్పుడు డాక్టరు నూట ముప్పై నాలుగు అని రాసినాడు."

ఆమె పలక మీద కూర్చొంది. వాసాలు కిర్రుమన్నాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ముల్లు నిలిచిన తరువాత పీరాసాబ్, "నూట ముప్పై రెండు" అన్నారు.

"అదెట్లన్నా? నా గౌన్లు బిగిసిపోతాండాయి. నారాయణమ్మ రెండుసార్లు కుట్లు విప్పింది."

నారాయణమ్మ ఆ వేళ కోపంలో ఉన్నందున తక్కెడ పక్కనే నిలబడి, రెండవ వైపున ఉన్న రాళ్లు వేలితో లెక్కపెట్టింది. యాభై ఆరు పౌన్లవి రెండు, పధ్నాలుగుది ఒకటి, ఏడుది ఒకటి, రెండుది, ఒకటిది.

"పీరన్నా, ఈడ నూట ముప్పై ఆరు ఉండాది. నువ్వు ముప్పై రెండంటావేంది?"

"తరుగు తీయొద్దా మరి?" అన్నారు పీరాసాబ్.

తరుగు అంటే ఏమని రూతమ్మ అడిగింది. ఆయన ఓపికతో వివరించారు. మండీలో ఏ మూట తూచినా గోనె సంచికి, కాయలతో వచ్చిన మన్నుకు, చెమ్మకు కొంత తీసివేసి చెప్పవలెను. ఎండాకాలం నుండి శ్రావణం దాకా రెండు పౌన్లు, వాన తడి ఉండే కొత్త కాయ నెలలలో నాలుగు.

"పిల్లోళ్ళు దినమంతా మన్నులోనే పొర్లాడతాండారు. గుడ్డలుండాయి, నూనె తలలుండాయి. అదంతా బరువు కింద జెప్తే అన్యాయం గాదా? నిజం తూకం పోవల్లని తీసినా" అన్నారాయన.

ఇందులో విచిత్రం ఏమనగా, గోరంట్లలో తరుగు తెలియనివారు లేరు. నాకు తెలియును, యేసన్న గారికి తెలియును. తెలిసినందువల్లనే ఎవరమూ అడగలేదు, తెలిసినందువల్లనే ఆయన చెప్పలేదు. మండీలో దానిని ఎవరూ నోరు తెరచి చెప్పరు. మొదట రూతమ్మ నవ్వసాగింది, తరువాత నారాయణమ్మ, ఆ తరువాత ఏమి జరిగినదో తెలియని పిల్లలందరూ.

అక్కడికక్కడే పట్టిక సరిచేశాము. జులై అంకెలకు రెండు, నవంబరు అంకెలకు నాలుగు కలుపగా ఓబమ్మ నలభై ఒకటి, నలభై మూడు, నలభై నాలుగు అయింది. జ్వరపడిన ఇద్దరు పిల్లలు తప్ప అందరూ పెరిగినట్లు తేలింది.

అప్పుడు యేసన్న గారు గొంతు సవరించుకొన్నారు. మూసివేత ఉత్తర్వు అందిన తరువాత మనమే అంకెలు మార్చి పంపితే వారు నమ్మరనీ, తూచిన మనిషి తన తూకం సరికాదని స్వయంగా వ్రాసి ఇవ్వవలెననీ అన్నారు. పీరాసాబ్ ఆ పలక మీదనే కూలబడ్డారు.

"చెప్పిన తూకం మార్చినోడని మండీలో తెలిస్తే నా తక్కెడ కింద ఎవురూ మూట పెట్టరయ్యా."

యేసన్న గారు బలవంతం చేయలేదు. పీరాసాబే అడిగారు.

"ఆ ఓబమ్మని యాడికి పంపమన్నారు?"

"మద్రాసు వైపు" అన్నారు యేసన్న గారు.

"తమ్ముణ్ణి?"

"బళ్లారి వైపు."

"ఆ రెండూ పక్కపక్కనా?"

"కాదు పీరన్నా. ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర."

ఆయన లేచి, ముక్కాలు పీట మీద కాగితంతో కూర్చొన్న నా ఎదుటికి వచ్చారు. "రాయి గుమాస్తయ్యా" అన్నారు.

నేను మర్యాదగా, "పొరపాటున తరుగు తీయబడినది" అని మొదలుపెట్టి చదివి వినిపించాను. ఆయన చేయి అడ్డం పెట్టారు.

"పొరపాటు గాదప్పా. తెలిసే తీసినా. తీయగూడని తావున తీసినా. అట్లే రాయి."

అట్లే వ్రాశాను. ఆయన బొటనవ్రేలి ముద్ర వేశారు. ఆ వారంలోనే ఆసుపత్రి డాక్టరు సమక్షంలో, తరుగు లేకుండా, మళ్లీ పిల్లలందరినీ తూచి, ఆ పట్టిక మీద డాక్టరు సంతకం తీసుకొని విమానపు టపాలో పంపాము.

జవాబు కొరకు ఆరు వారాలు ఎదురుచూశాము. ఈ లోపల సంగతి మండీకి చేరింది. బయ్యన్న అనే మెట్ట రైతు మూటలు దించుతూ అందరి ఎదుట అన్నాడట.

"ఏమన్నా, పిల్లోళ్ళకు తరుగు లేదంటనే. నా కాయలు నాకు బిడ్డలు గారా?"

"నీ బిడ్డల్ని మన్ను దులిపి, ఎండలో ఆరబెట్టి తోడుకొని రాప్పా. వాళ్ళకీ తీయను" అన్నారట పీరాసాబ్.

బయ్యన్న మరుసటి వారం అన్నంత పనీ చేశాడు. కాయలు గలగలమంటున్నాయి, ఒక్క మట్టిబెడ్డ లేదు. పీరాసాబ్ ఖాళీ గోనెను వేరుగా తూచి, ఆ బరువు మాత్రమే తీసి, తక్కినది ఉన్నదున్నట్లు చెప్పారు. వర్తకుడు గొణిగాడు గాని, సరుకు చూసి ఊరకున్నాడు. నాటి నుండి మెట్ట రైతులు ఆయన తక్కెడ వద్దనే వరుస కట్టారు.

ఫిబ్రవరి మొదటి వారంలో కమిటీ వారి ఉత్తరం వచ్చింది. వాఙ్మూలం సభలో చదవబడినదనీ, తెలిసే తీసితినని ఒప్పుకొన్న మనిషి మాటను నమ్ముటకు సభ్యులు ఏకగ్రీవంగా తీర్మానించినారనీ, మూసివేత ఉత్తర్వు రద్దయినదనీ, మిస్ రూత్ ఇష్టపడినచో మరి రెండు సంవత్సరాలు ఉండవచ్చుననీ అందులో ఉంది. నేను చదివి వినిపిస్తుండగా పీరాసాబ్ టోపీ తీసి ఒడిలో పెట్టుకొని విన్నారు. పూర్తయిన తరువాత ఒకటే ప్రశ్న వేశారు.

"ఆ దేశంలో తరుగు తీయరా రూతమ్మా?"

"నాకు తెలిసి తీయరన్నా."

"వర్తకులు ఎట్ల బతుకుతారో పాపం" అన్నారు.

మార్చి నెలాఖరు రానే వచ్చింది. ఆ దినం ఉదయం వంటశాల ముందర ఓబమ్మ, ఈరన్న ఒకే రాతపలక కొరకు జుట్టు జుట్టు పట్టుకొని కొట్లాడుతున్నారు. నారాయణమ్మ వచ్చి చెరొక రెక్క పట్టి విడదీసి, పలక తన చంకలో పెట్టుకొంది.

"ఒగర్ని ఆ పక్కకీ, ఒగర్ని ఈ పక్కకీ పంపమన్న దొరలే మేలు" అని తిట్టి, ఇద్దరినీ ఒకే పళ్లెం ముందర కూర్చోబెట్టి సంగటి పెట్టింది.