కుంకుమతో కలిసిన రాకులు

నేను అలిగితే చాలు, బావ పలకరించలేదనే అనుకుంటుంది మా అమ్మ. ఈ సాయంత్రమూ అదే మాట అంది. నిజానికి నా కుళ్ళంతా బావ చేతిలోని డ్రిల్లు మీద.

మణవాళనగర్‌లో మామ గోడౌనుకి సరుకు పేర్చే కొత్త ఇనప రాకులు వచ్చాయి. పాతవి బోల్టులతో బిగించేవి, ఇవి కొక్కేలతో తగిలించేవి. కన్నాల ఎత్తులు కలవక, రెండింటినీ జోడించలేక మామ కొడుకు, అదే మా బావ, పొద్దుటినుంచీ అవస్థపడ్డాడు. బీఎస్సీ చదివిన నాకిచ్చిన పని, పూజకని రాకులకు బొట్లు పెట్టడం.

"బావా, ఆ ఇనప పట్టీని రెండు రాకుల కాళ్ళకీ ఎనక ఆనించి పట్టుకో," అన్నాను. అగ్గిపుల్లను తడి కుంకుమలో ముంచి, రెండు రాకుల కన్నాల్లోంచీ పట్టీ మీద చుక్కలు పెట్టాను. చుక్క పడినచోటల్లా బావ డ్రిల్లు దించాడు. బోల్టులు బిగిశాక రాకులు కదల్లేదు.

"ఎట్ల కలిపేసినాడు సూడు మావాడు!" అంటూ మామ టెంకాయ బావ చేతికే ఇచ్చాడు.

"కన్నాలు యాడ పడాల్నో చూపించింది నేను మామా."

"ఔనమ్మే, బొట్లు బాగా పెట్టినావు."

మీరైతే నవ్వి ఊరుకునేవారా? రేపు రెండో వరుస కలపాలి. బొట్లు బావ పెడతాడు. డ్రిల్లు నేను పడతాను.