పట్టాల మీద నూనె

మా అక్క పొద్దున్నే తన మొహం కడుక్కోకముందే మిషన్ మొహం కడుగుతుంది. బాబిన్ పెట్టె ఊడదీసి, బ్రష్షుతో దూది నలుసులు దులిపి, లోపల గిరగిరా తిరిగే కొక్కేనికి ఒక్క చుక్క నూనె వేస్తుంది. ఒక్కటంటే ఒక్కటే. తర్వాత పాత తెల్లగుడ్డ మీద కాసేపు కుట్టి చూస్తుంది. దారం మరక లేకుండా వచ్చేదాకా ఎవరి దుప్పటీ మిషన్ ఎక్కదు.

మామూలు కుట్టుమిషన్ అనుకునేరు! హాలంతా దాందే. రెండు మంచాలు వరసగా వేసినంత బల్ల, దాని మీద పట్టాలు, పట్టాల మీద చక్రాలతో మిషన్. దుప్పటి కదలదు, మిషనే కదులుతుంది. అక్క రెండు పిడులూ పట్టుకుని నడిపిస్తుంటే దుప్పటి మీద దారంతో తీగలూ ఆకులూ వాటంతటవే పుట్టుకొస్తాయి. పాపం సోఫా ఎప్పుడో వంటింట్లోకి పోయింది. నేను దాని మీదే కూర్చుని అక్క కుట్టిన దుప్పట్లకి అంచులు వేస్తాను.

నూనె లోపలికే, పట్టాలకి పొరపాటున కూడా తగలకూడదు. తగిలిందా, నలుసు అంటుకుని చక్రం జారి, కుట్టు పక్కకి తన్నేస్తుంది. పట్టాలు స్పిరిట్‌తో తుడిచి పొడిగా ఉంచాలి. ఈ ముక్క మా ఇంటికొచ్చే పాలవాడికి కూడా తెలుసు. అక్క అన్నిసార్లు చెప్పింది మరి.

అలాంటిది ఆ రోజు కుట్టు తన్నేసింది. అదీ ఎవరి దుప్పటి మీద? పోయిన భర్త చొక్కాలన్నీ కత్తిరించి, ముక్కలు అతికించి తెచ్చుకున్న టీచరమ్మ దుప్పటి మీద. కుట్టు విప్పొచ్చు, సూది చిల్లులు ఎక్కడికి పోతాయి? ఇంకోసారి ఇలా జరిగితే ఆ చొక్కాలు మళ్లీ ఎవరు తెచ్చిస్తారు? అక్క పట్టా మీద వేలు రాసి చూసింది. వేలు తళతళలాడింది.

"నూనె! ఇది మీ బావ పనే!"

నాకూ అదే అనిపించింది. బావ బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. తలుపు కిర్రుమంటే నూనె, కత్తెర బిగుసుకుంటే నూనె, ఆఖరికి గొడుక్కి కూడా నూనె. "నేను ముట్టుకోలేదు మొర్రో!" అని లబలబలాడాడు. అక్క వింటేనా? మాట్లాడ్డం మానేసింది.

నాకు అనుమానం పుట్టిందంటే అన్నం సహించదు. బావ హాల్లోకి వెళ్తే నేనూ హాల్లోకి వెళ్లాను. పేపరు చదువుకుంటుంటే ఎదురుగా కూర్చుని చూశాను. "ఏంటమ్మా, నా మొహం మీద వార్తలేమైనా ఉన్నాయా?" అన్నాడు. నవ్వుతూ ఏమార్చాలని చూస్తున్నాడు అనుకున్నాను. అతని నూనె డబ్బా మూతికి సన్నటి దారం చుట్టి ముడేశాను. మూత తీస్తే తెగిపోవాలి, దొంగ దొరికిపోవాలి.

మళ్లీ పట్టాల మీద నూనె కనపడింది. పరిగెత్తుకెళ్లి చూస్తే డబ్బాకి కట్టిన దారం చెక్కుచెదరలేదు. ఇక్కడ అక్క నిప్పులు చెరుగుతోంది. ఈసారి బావ తల వంచుకుని, "సరేలే, నేనే పూశాను. బుద్ధి గడ్డి తిని పూశాను" అన్నాడు.

అదిగో, అక్కడ నాకు ఒళ్లు మండింది. చెయ్యని మనిషి ఒప్పుకోవడమేంటి? పట్టా మీద నూనె వేలికి రాసుకుని వాసన చూశాను. బావ డబ్బాలోది నల్లగా, చిక్కగా, డిపో కంపు కొడుతుంది. ఇదేమో నీళ్లలా పల్చగా ఉంది, వాసనే లేదు. మిషన్ నూనె! ఆ సీసా ఉండేది అక్క సొరుగులో. ఆ సొరుగు తాళంచెవి ఉండేది అక్క మెడలో, గొలుసుకి.

బావ బయటికెళ్లగానే పట్టాలు రెండూ స్పిరిట్‌తో తుడిచేసి, అక్కని పిలిచాను.

"పట్టాలకి నూనె పూసేది నువ్వే కదూ?"

"నీకేమైనా పిచ్చా?" అని మీదికొచ్చింది. నేను కదల్లేదు. కాసేపటికి తనే మెత్తబడింది. "మిషన్ బరువెక్కిందే. ఎంత లాగినా రావట్లేదు. పట్టాలు బిగుసుకున్నాయేమోనని కాస్త రాశాను."

పొడిగా ఉన్న పట్టాల మీద నేను మిషన్‌ని ఒక్క వేలితో తోశాను. ఆ చివరిదాకా సర్రున వెళ్లిపోయింది.

అక్క మిషన్ని చూసింది. తన కుడి చేతిని చూసుకుంది. బల్ల అంచున కూలబడిపోయింది.

"భుజం దాటి లేవట్లేదే. పట్టు కూడా జారిపోతోంది. నాకు భయంగా ఉంది. ఈ చెయ్యి పోతే ఇంక నేనెవరిని?"

నాకు ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. "అయితే బావనెందుకు తిట్టావే, అన్ని మాటలు!"

"ఆయన మీదైతే కోప్పడొచ్చు. చేతి మీద ఏం కోప్పడను?"

గుమ్మంలో చప్పుడైంది. ఎప్పుడొచ్చాడో, బావ సంచీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నీకు తెలుసా బావా?"

"గ్లాసు ఎడం చేత్తో పట్టుకుంటోంది కదమ్మా. కనపడదా?"

"మరి చెప్పవేం?"

"తనే చెబుతుందని చూశాను. అందాకా ఆ నూనేదో నా నెత్తిన పడితే నాకేం పోయింది?"

సంచీ కింద పెట్టి, వచ్చి మిషన్ కుడి పిడి పట్టుకున్నాడు. "రేపు డాక్టర్ దగ్గరికి వెళ్దాం. ఈలోగా ఇటు పక్క నాకొదిలెయ్. ఎటు తిప్పాలో నువ్వు చెప్పు. ఇన్నేళ్లుగా నువ్వు తిప్పినట్టే తిరుగుతున్నాను, ఇందులో కొత్తేముంది?"

అక్క ఏడుస్తూనే నవ్వేసింది. కళ్లు తుడుచుకుని, "ముందు చేతులు కడుక్కోండి. టీచరమ్మ దుప్పటి జోలికి రావద్దు, తెల్లగుడ్డ మీద నేర్చుకోండి" అంది.

ఆయన కడుక్కొచ్చేలోగా ఎడం చేత్తో మెడలో గొలుసు తడుముకుని తాళంచెవి ఊడదీసింది. ఆయన రాగానే చొక్కా జేబులో వేసి, పైనుంచి ఒకసారి తట్టింది.

"ఒక్క చుక్కే. గుర్తుందా?"