ఇరవై నాలుగు గంటల సున్నా

నా కొంప నేనే, నా రెండు చేతులతో, అదీ వీధి వీధికీ కలాకంద్ పంచి మరీ ముంచుకున్న కథ చెబుతాను. నవ్వొస్తే మొహమాటపడకండి. ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను గానీ, ఆ రోజు మాత్రం చెప్పులు కూడా వేసుకోకుండా గోదావరి వంతెన దాటి కాళేశ్వరం పారిపోదామనుకున్నాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. సిరొంచలో ఒక టెలికాం ఆఫీసులో టెక్నీషియన్‌గా చేరాను. మూడు నెలలు ట్రయల్. ఆ తర్వాత గడ్చిరోలి నుంచి పెద్దసారు రహీమ్ సాబ్ వచ్చి సంతకం పెడితే ఉద్యోగం పక్కా, పెట్టకపోతే ఇంటికి. మా నాయనమ్మ జన్మంతా ఎవరి చేలోనో మిరపకాయలు ఏరింది. మా ఇంట్లో ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని పనిచేసే మొదటి మనిషిని నేనే. ఆ సంతకం కోసం నా ప్రాణం ఎంత కొట్టుకుందో మీకు వేరే చెప్పాలా?

సంతకానికి ముందు ఒక పరీక్ష. సిరొంచ నుంచి అల్లపల్లికి కొత్తగా వేసిన లైను మీద ఇరవై నాలుగు గంటలు తప్పులు లెక్కపెట్టాలి. పని సులువే. మన దగ్గరున్న మీటరు ఒకట్లూ సున్నాలూ వరసగా పంపుతుంది. అల్లపల్లిలో యూసుఫ్ భాయ్ వాటిని అట్నుంచి అటే వెనక్కి తిప్పుతాడు. తిరిగొచ్చిన వాటిలో ఎన్ని పాడయ్యాయో మీటరు లెక్కగట్టి, గంటకొక చీటీ కక్కుతుంది. అంతే.

పొద్దున పదకొండు కాకముందే యూసుఫ్ భాయ్ ఫోన్ చేశాడు.

"సువర్ణమ్మా, నా దిక్కు తిప్పి పెట్టిన. ఇగ నువ్వు కానియ్!"

ముందు మీటరు బాగుందో లేదో చూసుకోవాలి కదా. నేర్పినట్టే, దాని వెనక జానెడు తీగ తగిలించి చూశాను. బాగుంది. అంతలో ఎదురుగా చాయ్ హోటల్ నడిపే నర్సక్క కేకేసింది.

"పిల్లా, చాయ్ సల్లారుతుంది!"

పరుగున పోయి తాగొచ్చాను. వచ్చి మీట నొక్కాను. గంటకు మొదటి చీటీ బయటికి వచ్చింది. తప్పులు: సున్నా!

నా కాళ్లు నేల మీద నిలవలేదు. రెండో చీటీ సున్నా. మూడోదీ సున్నా. మా సీనియర్ మల్లన్న సార్ కళ్లద్దాలు పైకి నెట్టి చీటీలు అటూ ఇటూ తిప్పి చూశారు.

"వంద కిలోమీటర్ల లైనుకు ఒక్క తప్పు సుత లేదా? నా సర్వీసుల ఇట్ల చూడలే."

"మీ సర్వీసుల నేను లేను కదా సార్!" అన్నాను. ఇరవై రెండేళ్ల నోరు అది, ఏం చేద్దాం.

సాయంత్రం నాలుగింటికి గాలివాన దిగింది. ఎలాంటి గాలివాన అనుకున్నారు? నర్సక్క హోటల్ రేకు ఎగిరొచ్చి మా గేటు దగ్గర పడింది. కరెంటు పోయింది. ఊళ్లో సెల్‌ఫోన్లన్నీ మూగబోయాయి. నా మీటరు మాత్రం బ్యాటరీ మీద హాయిగా నడుస్తూ చీటీ ఇచ్చింది. సున్నా!

మల్లన్న సార్ ఈసారి కళ్లద్దాలు తీసేశారు.

"సువర్ణా, ఊళ్ల ఫోన్లన్ని పోయినయ్. ఇదొక్కటే ఎట్ల నడుస్తుంది? నాకైతే జర డౌటున్నది. యూసుఫ్‌ను అడుగుదామంటే ఫోన్ కలుస్తలేదు."

"కొత్త కేబుల్ సార్. దానికి గాలీ లేదు, వానా లేదు!"

ఆయనకు కుళ్లు అనుకున్నాను. నిజం, అచ్చంగా అలాగే అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

మర్నాడు పొద్దునకు ఇరవై సున్నాలు దాటాయి. ఇక ఆగలేక కలాకంద్ డబ్బా తెచ్చాను. మా ఆఫీసుకీ, పక్కన కిరాణా కొట్టుకీ, బస్టాండులో తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ పంచాను. చీటీలన్నీ దారానికి గుచ్చిన దండను నర్సక్కకు కూడా చూపించాను.

"ఒక్క తప్పు లేదు నర్సక్కా! ఇగ నా నౌకరి పక్కా!"

ఆమె కలాకంద్ నోట్లో వేసుకుని అడిగింది. "మంచిదే బిడ్డా. మరి అల్లపల్లికెంచి రాత్రి బస్సే రాలేదట. చెట్లు పడి తొవ్వంత బందున్నదట. నీ తీగకు ఏం గాలేదా?"

"నా తీగకు ఏం గాదు!" అన్నాను. చదువు లేని మనిషికి అర్థమైంది నాకు అర్థం కాలేదు చూడండి!

పదకొండింటికి రావాల్సిన రహీమ్ సాబ్ ఒంటిగంటకు వచ్చారు. ప్యాంటు మోకాళ్ల దాకా బురద. చేతిలో గుడ్డసంచి. నేను చీటీల దండతో ఎదురెళ్లాను.

"ఎట్లున్నది లైను?"

"సున్నా సార్! ఇరవై నాలుగు గంటలు, ఒక్క తప్పు లేదు!"

"నిన్న గాలిదుమారం వచ్చినప్పుడు?"

"సున్నా సార్! మీరే చూడుండ్రి."

"ఈ పొద్దుగాల?"

"సున్నా!"

"ఇప్పుడు?"

నేను మీటరు వైపు చూసి, గొంతు ఇంకా పెంచి అన్నాను. "ఇప్పుడు సుత సున్నానే సార్!"

"షాబాష్." ఆయన సంచిలో చెయ్యిపెట్టి మూరెడు నల్ల కేబుల్ ముక్క తీసి బల్ల మీద పెట్టారు.

"ఇదేంది సార్?"

"నీ లైనే బిడ్డా. అల్లపల్లి దాటినంక టేకుచెట్టు కూలి దీని మీద పడ్డది. నిన్న నాలుగింటి సంది రెండు తునకలై పడి ఉన్నది. అతుకు పెట్టేటోళ్లు ఈ ముక్క కోసి పారేస్తుంటే, నీకు చూపెడదామని తెచ్చిన."

చేతిలో దండ కిందికి జారింది. మల్లన్న సార్ మీటరు వెనక్కి వంగి చూసి తల పట్టుకున్నారు.

"అయ్యో సువర్ణా! ఈ జానెడు తీగ పీకనే లేదా?"

పీకలేదు. చాయ్‌కి పోయి మర్చిపోయాను. ఇరవై నాలుగు గంటలుగా మీటరు పంపిందంతా జానెడు దూరం పోయి దాని దగ్గరికే తిరిగొచ్చింది. నేను దేశమంతా చాటిన లైను పొడవు జానెడు! తల కొట్టేసినట్టయింది. మిరపచేను కళ్ల ముందు కనబడింది. ఏడుపు ఆగలేదు.

రహీమ్ సాబ్ డబ్బాలోంచి ఒక కలాకంద్ తీసుకుని నమిలారు. "ఇదైతే మంచిగున్నది. ఏడ్వకు. రేపు అతుకు పడ్డంక మళ్ల పెట్టు."

మళ్లీ పెట్టాను. జానెడు తీగ పీకి, ఆ చోట అసలు లైను తగిలించి, ఆ తీగ ఎక్కడ దానంతటదే పోయి తగులుకుంటుందోనని నా జేబులో వేసుకుని కూర్చున్నాను. ఆ ఇరవై నాలుగు గంటల్లో తప్పులు: ఏడు. చీటీలు చేతికిస్తే రహీమ్ సాబ్ ముఖం వెలిగిపోయింది.

"ఏడా? ఏడుదాంక మాఫే. సున్నా తెస్తే ఇంటికి పంపుదుననుకున్న. ఇప్పుడు నమ్ముత" అని టక్కున సంతకం పెట్టారు. నేను మళ్లీ ఏడ్చాను. ఈసారి సంతోషంతో.

అందుకని, ఇందుమూలంగా, నర్సక్క చాయ్ సాక్షిగా, అల్లపల్లి టేకుచెట్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా ప్రశ్నకు నేనే జవాబు చెప్పుకుని, నాకు నేనే నూటికి నూరు వేసుకుని, ఊరికి మిఠాయి పంచే పని ఈ జన్మలో మళ్లీ చెయ్యను. ఈ కథలో కూడా తప్పులేమీ లేవని నాకు అనిపిస్తోంది. అందుకే ముందు మల్లన్న సార్‌కు చూపించాను. ఏడు దొరికాయట.