నాలుగు హద్దుల నడుమ

చిన్నాయన పోయాడని చిన్నమ్మ ఫోన్ చేసినప్పుడు నేను పెసరపప్పు ఏరుతున్నాను. "పొద్దుగాల చాయ్ అడిగిండు. తెచ్చేసరికి లేడు" అని ఫోన్ పక్కన పెట్టింది. కట్ చేయడం మరిచిపోయినట్టుంది, ఇంట్లోకి ఎవరెవరో వస్తున్న చప్పుడు నాకు చాలాసేపు వినిపించింది. నేను చాటలో మిగిలిన పప్పు ఏరి, డబ్బాలో పోసి, మూత పెట్టి, అప్పుడు లేచాను. పని సగంలో వదలడం నాకు రాదు. ఆయనకూ రాదు. ఒక్క పని మాత్రం వదిలేసి వెళ్లాడు.

ఆయన మా నాన్నకు తమ్ముడు. అచ్చంపేటలో ముప్పై ఏళ్లు భూములు అమ్మించాడు, కొనిపించాడు. ఈ మధ్య అందరూ రియల్ ఎస్టేట్ ఏజెంట్ అని కార్డులు కొట్టించుకుంటున్నారు, నువ్వూ కొట్టించుకోరాదా అంటే నవ్వేవాడు. "బ్రోకర్ అంటేనే మంచిగున్నది బిడ్డ. గా మాట ఇంటే ఎవరి జేబు వాళ్లు తడుముకుంటరు. హుషారుగ ఉంటరు."

ఆయన చేతిరాత ఆయనకే తెలిసేది కాదు. అందుకని నెలకు రెండుసార్లు మా ఇంటికి వచ్చి, కుర్చీ వాకిట్లోకి లాక్కుని, జేబుల్లోంచి చీటీలు తీసి చదివేవాడు. నేను నోట్‌బుక్‌లో ఎక్కించేదాన్ని. ఊరు, సర్వే నంబరు, నేల, నీళ్లు, దారి. ఆ తర్వాత చెక్కుబందీ, అంటే తూర్పున ఎవరి భూమి, పడమర ఎవరిది అని నాలుగు హద్దులూ వరుసగా. పదో తరగతితో ఆగిన నా చదువుకు ఈ ఊళ్లో ఒక పని కల్పించింది ఆయనే. "మా బిడ్డ రాసిందంటే రిజిస్ట్రార్ కూడ తప్పు పట్టడు" అని అందరికీ చెప్పేవాడు. ఏ రిజిస్ట్రారూ నా నోట్‌బుక్ చూడలేదు. అయినా ఆ మాట కోసం నేను రాత ఇంకాస్త గుండ్రంగా రాసేదాన్ని.

నల్లమల గుట్టలు చూసి మురిసి హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు చాలామంది. చిన్నాయన వాళ్లకు గుట్టలు చూపించేవాడు కాదు. "గుట్ట యాడికి పోతది సారూ, జర కిందికి చూడుండ్రి" అని పిడికెడు మట్టి తీసి వాళ్ల చేతిలో పెట్టేవాడు. వానాకాలం ఈ దారిన బండి పోదని వాళ్లు అడగకముందే చెప్పేవాడు. అమ్మేవాళ్లకు ఒళ్లు మండేది. ఒకసారి ఒక పెద్దమనిషి మా వాకిట్లోనే నిలదీశాడు. "నువ్వు మా దిక్కా, వాళ్ల దిక్కా?"

"నేను దారి దిక్కు పటేలా. రేపు బండి దిగబడితే తిట్లు తినేది నేనే గదా."

హద్దుల వెంట నాలుగు వైపులా నడిచి వచ్చేదాకా అమ్మేవాళ్ల ఇంట చాయ్ ముట్టేవాడు కాదు. నడక అయ్యాక, గత ఏడేళ్లుగా, ఇంకో అలవాటు మొదలైంది. మగవాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి, తాను వంటింటి గడప దగ్గరికి పోయి ఆడవాళ్లను అడిగేవాడు. "అమ్మా, మీ చేను నడుమల ఏమన్న ఉన్నదా? ఎవరన్న ఉన్నరా?" ఊళ్లో దీని మీద నవ్వులే నవ్వులు. "ఈయన భూమి అమ్ముతుండా, పిల్లను చూస్తుండా?" అనేవారు. ఆయన పట్టించుకునేవాడు కాదు. నా నోట్‌బుక్‌లో నాలుగు హద్దుల కింద ఐదో గీత కొట్టించి 'నడుమ' అని రాయించాడు. నడుమ: పుట్ట. నడుమ: అత్తామామల సమాధులు, రెండు గుంటల నేల మినహాయించి రాయించాలి. నడుమ: ఏమీ లేదు, ఇద్దరు ఆడవాళ్లను అడిగాను. ఎందుకని నేను అడగలేదు. కాలమ్ పెరిగింది, గీత కొట్టుకున్నాను, అంతే.

పోయిన చలికాలం జ్వరం తగ్గక వారం రోజులు మా ఇంట్లో ఉన్నాడు. ఒక మధ్యాహ్నం, అట్ట ఊడిన పాత నోట్‌బుక్‌ను కొత్తదాంట్లోకి ఎక్కిస్తూ, సరిచూసుకోవడానికి పైకి చదువుతున్నాను. బల్మూర్ దారిలో గుట్ట కింద రెండెకరాల చెలక. తూర్పున బండ్ల బాట, పడమర వాగు.

"ఆగు బిడ్డ," అన్నాడు మంచం మీది నుంచి. "నాలుగు దిక్కులు రాసినం. నడుమ రాసినమా?"

"అప్పటికి ఆ గీత లేదు కదా చిన్నాయినా."

"లేదు. గందుకే చెప్తున్న."

ఆ చెలక బొంబాయికి మట్టిపనికి వెళ్లే ఒక కుటుంబానిది. వాళ్లు క్రైస్తవులు. నాలుగేళ్ల ఆడపిల్ల జ్వరంతో పోతే సొంత చేనులోనే పెట్టుకుని, చుట్టూ రాళ్లు పేర్చి, సిమెంటుతో చిన్న సిలువ నిలబెట్టారు. మా దిక్కు చాలామంది తమవాళ్లను తమ చేనులోనే పెట్టుకుంటారు. అమ్మిన రోజు ఆ తల్లి చిన్నాయనతో ఒక్కటే అన్నదట. "మా పాప నడుమల ఉన్నది పెద్దయ్యా. గా జాగొక్కటి ఇడిసిపెట్టమను." కొన్నవాడు అట్లాగే అన్నాడు. చిన్నాయనకు ఆ మాట చాలింది. ఆయన బేరాల్లో సగం అప్పటిదాకా నోటిమాట మీదే నడిచాయి. కాగితంలో నాలుగు హద్దులు రాశారు. లోపలి సంగతి రాయలేదు.

ఆయన గద్వాలలో ఒక పెళ్లికి వెళ్లి రెండు రోజులు ఉండిపోయాడు. తిరిగి వచ్చేసరికి ఆ రెండెకరాలు, పక్కన కొన్న భూములు అన్నీ కలిసి ఒకటే ఎర్రటి చదును. ఇళ్ల ప్లాట్ల వెంచర్ కోసం డోజర్ పెట్టి గట్లు తీసేశారు, బావి పూడ్చేశారు, చెట్లు కొట్టేశారు. నడిపేవాడిని అడిగితే, "రాళ్లు మస్తు లేపినం తాతా. గండ్ల ఏ రాయి ఏందో మాకేం ఎర్క?" అన్నాడట.

"టేపు పట్టుకొని రెండు దినాలు కొలిచిన బిడ్డ. బాయి కాడికెళ్లి పాప కాడికి ఎన్ని అడుగులో నాకు ఎర్కనే. బాయే లేకపాయె." దుప్పటి పైకి లాక్కున్నాడు. "ఈస్టర్‌కు పాప కాడ కొవ్వొత్తి పెట్టనీకి ఆ తల్లి వచ్చింది. చెప్పాల్ననే పోయిన. కొవ్వొత్తి పట్టుకొని నా మొఖం దిక్కు చూస్తుంది. నోరు రాలే. పార్కుకని ఇడిసిన మూల ఉంటది గదా, గది చూపించిన. ఇక్కడనే అమ్మా, నేనే నిలబడి కాపాడిన అన్న. కాపాడిన అన్న బిడ్డ."

ఆనవాళ్లేవీ మిగలని చోట ఆమె ఆయన మాటే నమ్మింది. ఆ ఏడాది నుంచి ప్రతి ఈస్టర్‌కూ ఆయన ముందే వెళ్లి గడ్డి పీకి, చుట్టూ రాళ్లు పెట్టి సున్నం వేసి, ఆమె వచ్చి వెళ్లేదాకా నిలబడేవాడు. ఆ పొద్దున ఆయన ఎక్కడికి వెళతాడో చిన్నమ్మకు కూడా తెలియదు.

"మరి నిజంగా ఎక్కడున్నది?"

"పెద్ద రోడ్డు కింద. యాడనో తెల్వదు."

గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అటు నుంచే అన్నాడు. "కాగితం చుట్టు తిరుగుతది, నడుమకు రాదు. మనిషే రావాలె. నేను రాలేకపోతిని. నువ్వు చెప్తవా ఆమెకు?"

నేను మందుబిళ్ల, నీళ్లు అందించాను. ఆయన మళ్లీ అడగలేదు. ఆయన ఉన్నంతకాలం నన్ను అడిగిన పనులన్నీ రాసుకుంటే పుస్తకం అవుతుంది, ఒక్కటీ కాదనలేదు. ఇదొక్కటే విననట్టు ఊరుకున్నాను. ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ ప్రశ్న ఆయన గొంతుతోనే వినిపిస్తుంది, గోడ వైపు తిరిగి అన్నట్టే.

దశదిన కర్మ అయిన వారానికి ఈస్టర్ వచ్చింది. చెప్పాలనే వెళ్లాను. ఆటోలో మాటలు వరుసగా పేర్చుకున్నాను. ముందు గద్వాల పెళ్లి, తర్వాత డోజర్, తర్వాత రోడ్డు. నేను వెళ్లేసరికి ఆ తల్లి పార్కు మూలన కూర్చుని గడ్డి పీకుతోంది. నాకంటే పదేళ్లు చిన్నది.

"పెద్దయ్య బిడ్డవా అక్కా?" అంది. "పోయిండంట గదా. ఊళ్లె చెప్పిండ్రు."

నేను తల ఊపి పక్కన కూర్చున్నాను. ఆమె ముక్కు చీదుకుని, కొవ్వొత్తి వెలిగించి, గాలికి చేయి అడ్డం పెట్టింది.

"బొంబాయిల మా పక్కింటామె పిల్ల గిట్లనే పోయింది అక్కా. ఆడ పెట్టిన జాగల మల్ల వేరేటోళ్లను పెట్టిండ్రంట. యాడున్నదో తెల్వక ఆమెకు నిద్ర పడుతలేదు, పిచ్చిదాని లెక్క తిరుగుతది. నాకైతే పడుతది. నా పాప యాడున్నదో నాకు ఎర్కనాయె. గంతా పెద్దయ్య దయ."

నేను పేర్చుకున్న వరుసలో మొదటి మాట కోసం వెతికాను.

"ఇగ ఆయన లేడు," అంది ఆమె. "రేపు ఎవడన్న రాళ్లు తీసేస్తే నాకు చూపేటోళ్లుండరు. నువ్వు యాదికి పెట్టుకో అక్కా. గిదే గదా జాగ?"

అలా సూటిగా ఆయనను ఎప్పుడైనా అడిగిందో లేదో తెలియదు. నన్ను అడిగింది.

"గిదే చెల్లె," అన్నాను.

అన్నది తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆయన చేసింది క్షమించరానిదని చదివేవారికి అనిపించవచ్చు. ఆ మాట అన్నాక మాత్రం, ఏడేళ్లు ఆయన ఏం మోశాడో నాకు బరువుతో సహా తెలిసింది.

కొవ్వొత్తి సగం కాలాక ఆమె లేచి, కొంగు దులుపుకుని, బస్సు వేళయిందని ముందు నడిచింది. వెంచర్ పెద్ద రోడ్డు గుట్ట దాకా సూటిగా ఉంది. అటూ ఇటూ ప్లాట్ల నంబర్ల రాళ్లు, ఇళ్లు ఇంకా లేవు. ఆమె మనసు తేలికైన మనిషిలా రోడ్డు మధ్యన గబగబా పోతోంది. నేను నాలుగు అడుగులు వేసి ఆగాను. అంచుకు జరిగాను. పాప అంచున మాత్రం ఉండకూడదని ఏముంది? మళ్లీ నడుమకు వచ్చాను. కింద తారు నల్లగా, ఎక్కడా తేడా లేకుండా పరుచుకుని ఉంది.

"రా అక్కా, ఎండెక్కుతుంది," అని ఆమె దూరం నుంచి వెనక్కి తిరిగి పిలిచింది.

నేను ఒక కాలు ఎత్తి, ఎక్కడ పెట్టాలో తెలియక, అలాగే నిలబడి ఉన్నాను.