పెళ్లి పడుగుకు నల్ల రంగు

మా నారాయణపేట ఇంట్లో ఒక పెళ్లి చీరల పనిని నిలువునా ముంచబోయిన ఘనత నాది. ఎందుకు చేశావని ఇప్పటికీ అడుగుతుంటారు. ఇది చదివాక మీకేమైనా అర్థమైతే నాకూ చెప్పండి.

అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం. ఫోన్లో ఒక చీకటి రాజ్యం కథ రోజుకో భాగం వచ్చేది. అందులో యువరాజుకు పందొమ్మిదేళ్లు. దయ తలచడు, సొంత చిన్నాన్నను పొడిచేసి ఆ కత్తితోనే యాపిల్ కోసుకు తింటాడు. అలాంటివాడు మా వీధిలో ఉంటే నేను ఆ వీధిలో నడవను. కథలో మాత్రం వాడికి దెబ్బ తగిలితే అన్నం మానేసేదాన్ని. వాడు ఎవరినీ ఏదీ అడగడు, అందుకేనేమో. నేనా, జడకు ఏ రబ్బరు బ్యాండు పెట్టుకోవాలో కూడా అవ్వనడిగి పెట్టుకునే బాపతు.

ఆ రోజుల్లోనే మా నాయినకు పెళ్లివారి చీరల పని వచ్చింది. మగ్గం మీద పొడవునా సాగే దారాన్ని పడుగు అంటాం. మా ఊళ్లో ఒక్క పడుగు మీద ఎనిమిది చీరలు దిగుతాయి. దానికి ఏ రంగు వేస్తే ఎనిమిదీ ఆ రంగే.

"కుంకుమ రంగని నర్సింలు మామకు జెప్పి రా" అని నాయిన నూలు నా చేతికిచ్చాడు.

నర్సింలు మామ ఇరవై ఏళ్లుగా మా నూలుకు రంగు వేస్తున్నాడు.

"ఏం రంగు బిడ్డా?"

ఆ క్షణంలో యువరాజు నాలోకి దూరాడు. "నలుపు."

"పెండ్లికని మీ నాయిన అన్నడు గదనే?"

"చెప్పింది చెయ్యి మామా. ప్రశ్నలడగకు."

మామ అయోమయంగా చూసి, "జరమొచ్చిందా?" అని నా నుదురు తాకాడు. తల గోక్కుంటూనే నూలు తీసుకున్నాడు.

జీవితంలో మొదటిసారి ఒక నిర్ణయం తీసుకున్నానని తలెత్తుకుని ఇంటికొచ్చాను. నలుపు మీద ఇంకో రంగు ఎక్కదని గానీ, పెళ్లికి ఎన్నో రోజులు లేవని గానీ నాకు తోచలేదు.

మూడో రోజు మామే నూలు తెచ్చాడు. నాయిన మూట విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ విప్పాడు.

"ఇదేంది నర్సింలు?"

మామ నావైపు ఒక్కసారి చూశాడు. "నేనే పరాకు పడ్డ బావా. తప్పు నాదే."

"గిట్ల పరాకు పడెటోనికి ఇగ మా నూలు ఇయ్య."

కథలో ఇలాంటప్పుడు యువరాజు పెదవి ఓ మూల వంచి నవ్వుతాడు. నేనూ వంచబోయాను. అది కాస్తా ఏడుపైంది.

"నలుపని నేనే జెప్పిన నాయినా."

"ఎందుకు?"

"ఆయన నలుపే ఏసుకుంటడు."

కండెలకు నూలు చుడుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. అవ్వ ముందుకు జరిగింది.

"ఆయనెవరే?"

"యువరాజు."

"ఏ ఊరు?"

"ఊరు కాలవెట్టిండు."

"ఏం పని జేస్తడు?"

"వాళ్ల చిన్నాయినను సంపిండు."

అమ్మ గోడకు చేరగిలబడింది. మామ లేచి, ఎవరైనా వింటారని తలుపు గొళ్లెం పెట్టాడు. "జైల్ల ఉన్నడా, బయట తిరుగుతున్నడా?" అని నాయిన మెల్లగా అడిగాడు. ఫోన్ తెచ్చి, కథ చదివి వినిపించి, వాడసలు పుట్టనే లేదని నమ్మించేసరికి అరగంట పట్టింది.

అప్పుడు నాయిన మామ చేతులు పట్టుకుని, "మాట జారిన బావా" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. మామ కొత్త నూలుకు కుంకుమ రంగు వేశాడు. రంగునీళ్లు మాత్రం నా చేత కలిపించాడు. వారం రోజులు మోచేతుల దాకా ఎర్రగా తిరిగితే, ఎవర్ని చంపొచ్చావని కాలేజీలో అడిగారు. చీరలు పెళ్లికి ముందురోజు దిగాయి.

అందుకే మగ్గం మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను. నాయిన చెప్పిన రంగే చెబుతాను. నా తప్పును ఇంకొకరు మోస్తుంటే నోరు మూసుకుని నిలబడను. ఆ కథ చదవడం మానేస్తానని కూడా అనబోయాను గానీ అవ్వ నా నోరు మూసేసింది.

"గా చిన్నాయిన ఉత్త దొంగ, సంపుడే కరెక్టు" అంది. "తర్వాత ఎవర్ని సంపిండో జర సదువు."