పెట్టె విప్పమన్నందుకు

పోయిన వానాకాలంలో ఒక పాత నవల సగంలో ఆపేశాను. ఆపడం నా ఇష్టం కాదు. షుగరు కంటికి ఎక్కిందని శ్రీకాకుళంలో కళ్ల డాక్టరు చెప్పాడు. సూదులు వేశాడు, అద్దాలు మార్చాడు. అయినా గ్రంథాలయం పుస్తకాల్లో అక్షరాలు నాకు చీమల బారులాగే కనిపిస్తున్నాయి. "పెద్ద అక్షరాలైతే చదువుకోవచ్చమ్మా" అన్నాడు. పెద్ద అక్షరాలతో నవలలు ఎవరు అచ్చు వేస్తున్నారో మాత్రం చెప్పలేదు. నేను నోరు తెరిచేలోపు తరవాతి పేషెంటును పిలిచేశాడు. వాళ్లెవరో ఆయనకి తెలిసినవాళ్లు. నా వెనక వచ్చి నా ముందే రెండుసార్లు లోపలికి వెళ్లొచ్చారు కూడా.

మేం ఉండేది కోటబొమ్మాళిలో. పెళ్లయి వచ్చిన కొత్త నుంచీ మధ్యాహ్నం గిన్నెలు బోర్లించాక, సాయంత్రం పొయ్యి వెలిగించే దాకా చదవడం నా అలవాటు. "సదివి సదివి కలెక్టరైపోద్దేటి" అని మా అత్తగారు అందరి ముందూ అనేవారు. ఆవిడ పోయి చాలా కాలమైంది. మాట మాత్రం పోలేదు. కళ్లు ఇలా అయిన తరవాత ఆ మధ్యాహ్నాలు నాకు గడిచేవి కావు. మడత పెట్టిన బట్టలు విప్పి మళ్లీ మడత పెట్టేదాన్ని. వీధి గుమ్మం దాకా వెళ్లి, ఎందుకొచ్చానో తెలియక వెనక్కి వచ్చేదాన్ని. మంచం మీద పడుకుని ఫోన్లో పాత సినిమాలు చూసుకునే మా ఆయన, "ఏటే కాలుగాలిన పిల్లిలాగ తిరుగుతావు, ఓ పక్కన కూకోలేవా?" అనేవారు. కూర్చుంటే ఏం చేయాలో చెప్పేవారు కాదు.

విజయనగరంలో ఉండే మా అమ్మాయి ఆ నవలను ఎక్కడో వెతికి ఫోన్‌కి పంపింది. పాత పుస్తకాన్ని పేజీ పేజీ ఫొటో తీసి పెట్టారట. అక్షరం పెద్దది చేస్తే పేజీ మొత్తం పెద్దదైపోతుంది. ఒక వరుస చదవాలంటే వేలితో పేజీని పక్కకి లాక్కుంటూ పోవాలి. వరుస చివరికి వచ్చాక మళ్లీ మొదటికి లాగాలి. ఈలోగా కింది వరుస ఏదో తప్పిపోతుంది. చదివిన వరుసే మళ్లీ చదివి, ఇదేమిటి ఈ మనిషి అన్న మాటే అంటున్నాడని కాసేపు రచయిత మీద కోపం తెచ్చుకున్నాను. రెండు పేజీలకే తలనొప్పి వచ్చింది.

అందుకని ట్యాబ్ కొందామన్నాను. డబ్బు నాదే. పుట్టింటి జీడితోటలో నా వాటాకు ఆ ఏడు పంట బాగా వచ్చింది. ఒకటి కొనడానికి సరిపోతుంది, రెండు కొనడానికి చాలదు.

"మంచి మాట సెప్పావే. మేచ్‌లు పెద్దగా సూసుకోవచ్చు" అన్నారు మా ఆయన.

అక్కడ మొదలైంది. ఆయన మర్నాటికే ఒకటి ఖాయం చేశారు. పెద్ద తెర, నాలుగు స్పీకర్లు. వాటి గురించి చెప్పేటప్పుడు ఆయన చేతులు రెండూ చాపి, గదిలో నాలుగు మూలలా పెట్టినట్టు చూపించేవారు. మా అమ్మాయి వేరేది చెప్పింది. అది చిన్నది. చేతిలో పట్టుకోవడానికి తేలిక. ఒక మీట నొక్కితే తెర రంగులన్నీ పోయి కాగితంలాగ అవుతుంది. "చదవడానికే చేశారమ్మా. నా దగ్గరున్నది అదే, బస్సులో రోజూ చదువుతాను" అంది. చదవడానికే చేశారన్న మాట చాలు నాకు. నేనూ ఖాయం చేసుకున్నాను.

ఇక మా ఇంట్లో పొద్దున్న టీ నుంచి రాత్రి మజ్జిగన్నం దాకా అదే గొడవ. పొద్దున్న ఆన్‌లైన్లో ఆయనకి నచ్చినదాని ధర తగ్గేది, సాయంత్రం నాకు నచ్చినదానిది తగ్గేది. తగ్గిందని చూసేలోపు పెరిగేది. నిద్ర పట్టక మధ్యలో లేచి చూస్తే రెండూ అయిపోయాయని వచ్చేది. ఈ రెండింటినీ పోల్చి చూపించే వీడియోలు ఎన్ని చూశానో లెక్కలేదు. వాటిలో కుర్రాళ్లు ట్యాబ్‌ను నీళ్లలో ముంచుతారు, మోకాలికి ఆనించి వంచుతారు, గోళ్లతో గీస్తారు. ఒక్కడూ ఒక్క పేజీ చదివి చూపించడు. తెలుగు పేజీ సంగతి అడగనే అక్కర్లేదు. ఒక వీడియో కింద "బాబూ, పుస్తకం తెరిచి చూపించు" అని రాశాను. జవాబు ఇవ్వలేదు. వాడి వీడియోలు మళ్లీ చూడలేదు నేను.

చివరికి ఎక్కడ కొనాలన్న దగ్గర మాత్రం మా ఆయనకి అనుమానం లేదు. నరసన్నపేటలో మా పిన్ని కొడుకుది ఫోన్ల షాపు. మిక్సీలు, ఫ్యాన్లు కూడా అమ్ముతాడు. తమ్ముడి షాపుండగా బయట కొంటే మా చుట్టాల్లో తలెత్తుకోలేం.

మా వైపు ఒక పద్ధతుంది. పరాయి షాపులో అయితే బల్బు కూడా వెలిగించి చూసి గానీ కొనం. అయినవాడి షాపులో మాత్రం పెట్టె విప్పి చూపించమని అడగకూడదు. సీలు తీయకుండా చంకన పెట్టుకుని వచ్చేయాలి. విప్పమంటే నమ్మలేదని అర్థం. ఆ మాట పెళ్లి భోజనాల దాకా వెళ్తుంది. ఈ మర్యాద వల్లే మా మిక్సీ జాడీ మొదటిరోజు నుంచీ చిట్లి ఉంది. "మీ తమ్ముడేటనుకుంటాడే, ఒగ్గీ" అని వదిలేయించారు మా ఆయన అప్పట్లో. బంక రాసి, గుడ్డ చుట్టి, రెండు చేతులా అదిమి పట్టుకుని ఇన్నేళ్లూ పచ్చడి చేశాను. పచ్చడి తిన్నవాళ్లెవరూ ఆ గుడ్డ సంగతి అడగలేదు. ఈసారి అలా జరగనివ్వనని, నవలను ఫోన్లో పెట్టుకుని బయల్దేరాను.

మేం వెళ్లేసరికి తమ్ముడు గల్లాపెట్టె వెనకనుంచి లేచి వచ్చాడు.

"రా బావా, రా! ఎన్నాళ్లకి! కూకో, కూకో." ఉన్న ఒక్క కుర్చీ మా ఆయనకి వేశాడు. "బాగున్నావప్పా?" అని అక్కనైన నన్ను అడిగాడు గానీ, జవాబు వినే టైము లేకపోయింది వాడికి. ఇది మొదటిసారి కాదు. మిక్సీ కొన్నరోజు కూడా కుర్చీ బావకే వేశాడు. అప్పుడు నేను నిలబడ్డది వంట చేసేదాన్ని నేనే అయినందుకు, ఇప్పుడు నిలబడ్డది డబ్బు ఇచ్చేదాన్ని నేనే అయినందుకు.

"నాలుగు స్పీకర్లున్నది సూపీరా బామ్మర్దీ" అన్నారు మా ఆయన.

"దానికేటి బావా, ఎదరే ఉన్నాది." చూపించడానికి పెట్టిన పెద్ద ట్యాబ్‌లో జలపాతం హోరెత్తుతోంది. మా ఆయన ముఖం వెలిగిపోయింది.

"నాకు చిన్నది కావాలి. చదివేది" అన్నాను.

తమ్ముడు మా ఆయన వైపు చూశాడు. ఆయన పైకప్పు వైపు చూశారు. చూసి చూసి వాడు లోపల్నుంచి ఒక పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. "బిల్లు రాసీనా మరి?"

"విప్పు. నా పేజీ పెట్టి చూస్తాను."

తమ్ముడు బిల్లు పుస్తకం మూసేశాడు. "ఏటప్పా, నమ్మకం లేదేటి నా మీద?" అన్నాడు.

"నీ మీద ఉన్నాది. పెట్టె మీద లేదు."

"ఇప్పీసి, సూసీసి, తరవాత వద్దంటే నానెవలికి అమ్మాలి? బావా, నువ్వైనా సెప్పు."

మా ఆయన కుర్చీలోంచి నా చెంగు పట్టుకుని లాగారు. "ఒగ్గీయే. ఇంటికెల్లి సూసుకుందుము."

"ఇంటికెళ్లాక ఏం చూస్తాం బావా? చిట్లిందో లేదో చూసి బంక రాసుకుంటామా?" అన్నాను. మా ఆయన్ని నేనూ బావా అనే పిలుస్తాను.

ఆ మాట తమ్ముడికి తగిలింది. జాడీ సంగతి వాడికి అప్పుడే తెలిసింది. "సిట్లిందా? ఎప్పుడు? నాకు సెప్పలేదేటి బావా?" అన్నాడు. మా ఆయన ఏమీ ఎరగనట్టు జలపాతం వైపు తిరిగారు.

గుమ్మం దగ్గర, తన ఫోన్ అద్దం అతికించే దాకా ఆగుదామని కూర్చున్న చేపలామె ఒకావిడ ఉంది. ఖాళీ తట్ట బయట దించుకుంది. ఆవిడ అందుకుంది. "ఓరి బాబూ, సేప కొనీవోడు మొప్పెత్తి సూసి గానీ కొనడు. మా వదిన్నే రానీ, మా అప్పనే రానీ, మొప్ప ఎత్తనీకపోతే ఆ సేప ఎవలు కొంటారు? నీ పెట్టిలో ఏటున్నాదో ఆవిణ్ని సూడనీరా!"

షాపులో అందరూ నవ్వారు. తమ్ముడు నవ్వలేదు. కత్తెర తీసుకుని, తన చెయ్యే కోసుకుంటున్నంత బాధగా సీలు కోశాడు.

చిన్నది నా చేతికి వచ్చింది. ఎంత తేలికో! నవల ఎక్కించాం. మీట నొక్కితే తెర నిజంగానే కాగితంలాగ అయింది. కానీ ఆ పాత పుస్తకం ఫొటోలో సిరా అసలే వెలిసిపోయి ఉంది. కాగితం రంగు వచ్చేసరికి అక్షరాలు ఇంకా లోపలికి దిగిపోయాయి. మీట మళ్లీ నొక్కాను, రంగులు వచ్చాయి. అక్షరం పెద్దది చేశాను. వరుస పక్కకి పారిపోయింది. వేలితో లాగాను. మళ్లీ లాగాను. ఫోన్లో ఎలా ఉందో అలాగే ఉంది, కాస్త నయం, అంతే. దగ్గర పెట్టుకున్నాను, దూరం పెట్టుకున్నాను, అద్దాలు తుడుచుకున్నాను. మా అమ్మాయి చదివేది కొత్త పుస్తకాలు. వాటిలో అక్షరం పెంచితే వరుసలు వాటంతట అవే సర్దుకుంటాయట. నేను చదివే పాత పుస్తకాలకి ఆ తెలివి లేదు. ఈ సంగతి అమ్మాయి నాకు చెప్పలేదు. అడిగితే, "నువ్వు ఏం చదువుతావో నాకేం తెలుసమ్మా" అంది తరవాత. నవల పంపింది అదే.

ఇన్ని వారాల గొడవ, ఇంతమంది ముందు పెట్టె విప్పించడం, అన్నీ అయ్యాక మళ్లీ ఖాళీ మధ్యాహ్నాలకే వెళ్లాలా?

"ఏటప్పా, బాగున్నాదా?" అన్నాడు తమ్ముడు, బాగోలేదని తెలిసిన గొంతుతో.

"ఆ జలపాతం ఆపు" అన్నాను. "నా పేజీ దాన్లో పెట్టు."

పెట్టాడు. పేజీ పేజీలాగే వచ్చింది. అక్షరాలు పెసరగింజలంత ఉన్నాయి. అడ్డంగా లాగక్కర్లేదు, పక్కకి తప్పిపోవడం లేదు. మొదటి వరుస చదివాను, దాని కింద రెండోది ఉంది. ఎక్కడ ఉండాలో అక్కడే. ఆ పేజీ చివరిదాకా నిలబడే చదివాను. తరవాతి పేజీకి తిప్పాను. ఎవరో నన్ను పిలిచారు. వినిపించింది కానీ తల ఎత్తలేదు.

"సూసావా! నాను మొదటినించీ దీన్నే సెప్తన్నాను" అంటున్నారు మా ఆయన. "వింటాదా!"

ఆయన చెప్పింది స్పీకర్ల కోసం. ఒక్కరోజైనా ఆయన నోట పేజీ అన్న మాట రాలేదు. అయినా షాపులో అందరూ ఆయన వైపు మెచ్చుకోలుగా చూశారు. తమ్ముడైతే, "బావ సూపంటే సూపే" అన్నాడు. చేపలామె మాత్రం తట్ట ఎత్తుకుంటూ నాతో, "ఇప్పించి మంచి పని సేసావమ్మా" అనేసి వెళ్లింది.

అదే కొన్నాం. అయితే ఎవరిదన్నది తేలాలి కదా. తమ్ముడు కొత్త పెట్టె తెచ్చి, ఈసారి అడక్కుండానే విప్పి, దాన్ని మా ఆయన ముఖం ముందు పట్టుకున్నాడు. "మొకం సూపీ బావా, తాలం పెడతాను. నీ మొకం సూస్తేనే తెరుసుకుంటాది."

"ఇలా ఇవ్వు. నా ముఖం పెట్టు."

"నీకెందుకే?" అన్నారు మా ఆయన. "సాయంత్రం మేచ్ నానే కదా సూసేది."

"నీ మేచ్ ఏ దాన్లోనైనా పడతాది బావా. నా పేజీ ఇందులోనే పట్టింది."

తమ్ముడు ట్యాబ్‌ను నా వైపు తిప్పాడు. కళ్లద్దాలు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి ముఖం చూపించాను. ముఖం కుదరనప్పుడు నొక్కే అంకెలు కూడా ఉంటాయి. అవి బల్లకు వీపు తిప్పి నేనే నొక్కాను.

అప్పటినుంచీ చుట్టాల ఇళ్లలో ఈ కథ ఇంకోలా తిరుగుతోంది. మొన్న ఒక పెళ్లిలో నా వెనకే అన్నారు. బావ ఒక్క చూపులో మంచిది కనిపెట్టేశాడట, అప్ప ఊరికే పెట్టె విప్పించి తమ్ముడికి నష్టం తెచ్చిందట. చెప్పినవాడు మా తమ్ముడే. ఆ విప్పిన చిన్నదాన్ని వాడు మర్నాడే అమ్మేశాడని నాకు తెలుసు. అది మాత్రం చెప్పలేదు.

మధ్యాహ్నాలు ఇప్పుడు గడుస్తున్నాయి. డాక్టరు చెప్పినట్టు మధ్యలో ఆపి కళ్లు మూసుకుంటాను. ఆ కాసేపు కూడా మనసు నిలవదు, వేలు పేజీ మీదే ఉంటుంది. సాయంత్రం నేను వంటింట్లోకి వెళ్తే ట్యాబ్ మా ఆయనది. కాసేపు తాకకపోతే తెర ఆరిపోతుంది, తాళం పడుతుంది. ఆయన దాన్ని పట్టుకుని పోపు పొగలోకి వచ్చి నిలబడతారు. "ఓపాలి మొకం సూపీయే, బేగి, ఆఖరి ఓవరు!" ఆవాలు చిటపటమనడం అయ్యాక చూపిస్తాను.

నిన్న మేచ్ మధ్యాహ్నమే మొదలైంది. నేను నవల ఆఖరి భాగంలో ఉన్నాను. ఆయన గుమ్మం పట్టుకుని నిలబడ్డారు.

"టాసేసీసారే."

"ఊఁ."

"ఇంకా సేనా ఉన్నాదా?"

"ఉన్నాది. నీ ఫోన్లో చూసుకో బావా. బంతి అందులో కూడా కనిపిస్తాది."

ఆయన కుర్చీ లాక్కుని నా పక్కనే వేసుకుని, ఫోను తీసి, కళ్లు చికిలించి దాన్ని ముక్కు దాకా తెచ్చుకున్నారు. బంతి ఎటు పోయిందో కనిపించక విసుక్కుంటూ, నాకు వినబడాలని సౌండు మాత్రం బాగా పెంచారు. నేను పేజీ తిప్పాను.